ఎనభై ఒకటో నాడి

నమోదు 1. సోమవారం

నాడి లెక్క ఎనభై. కావలసింది ఎనభై ఒకటి. సభ వాయిదా పడింది.

ఈ మూడు ముక్కలూ రాస్తే శాసనసభ మార్షల్‌గా నా పని అయిపోయినట్టే. కానీ ఇవాళ నాకు ఒళ్ళు మండుతోంది కాబట్టి ఇంకొంచెం రాస్తాను. ఈ నమోదులు చదివేవాళ్ళు ఎలాగూ లేరు.

పొద్దున్నే ఎప్పటిలాగే తడిగుడ్డ తీసుకుని నూట ఇరవై కుర్చీల చేతులూ తుడిచాను. చేతి మీద దుమ్ముంటే కుర్చీకి మనిషి నాడి అందదు. పూర్వం సభ్యులు ఇంట్లోనే కూర్చుని తమ కాంతిబొమ్మలను సభకు పంపేవారు. ఒకాయన చనిపోయాక కూడా ఆయన బొమ్మ మూడు నెలలు వచ్చి, లేచి నిలబడి రెండు బిల్లుల్ని గట్టిగా వ్యతిరేకించింది. ఆ తరవాతే ఈ నాడి కుర్చీలు వచ్చాయి. బతికున్న మనిషి వచ్చి కూర్చుని మణికట్టు ఆనిస్తేనే హాజరు. మామూలు రోజుల్లో ఎంతమంది ఉన్నా సరే. బడ్జెట్‌కి మాత్రం మూడింట రెండు వంతులకు పైన ఉండాలి.

గొడుగు పార్టీకి ఎనభై మంది. ప్రభుత్వం వాళ్ళదే. తెడ్డు పార్టీకి ముప్పై తొమ్మిది మంది. మిగిలిన ఒక్క కుర్చీ మనిషి పోయిన నెల కాలం చేశాడు. దాని ఉప ఎన్నికకు ఇంకా నెలన్నర ఉంది.

బడ్జెట్‌లో లోటుంది. దాన్ని పూడ్చాలంటే దిగువపేటలకు ఇచ్చే మంచినీళ్ళు సగం చెయ్యాలని గొడుగువాళ్ళు అంటారు. కాదు, ఎగువ కొండ మీది మేడలకు పన్నెయ్యాలని తెడ్డువాళ్ళు అంటారు. సభకొస్తే ఓడిపోతారు కనక తెడ్డువాళ్ళు ముప్పై తొమ్మిది మందీ రాష్ట్రం హద్దు దాటి, సముద్రంలో ఒక విహారనౌక మీద క్యాంపు పెట్టారు. ఒక్కడు, ఒకే ఒక్కడు వచ్చి కూర్చుంటే కోరం సరిపోతుంది. అందుకే వాళ్ళలో ఏ ఒక్కణ్ణీ కదలనివ్వరు.

శుక్రవారం నాడు తక్కెడ తాళం వేసుకుంది. తక్కెడంటే ఖజానా యంత్రం. కొత్త ఏడు మొదలయ్యేసరికి సభ ఆమోదించిన లెక్క లేకపోతే అది వరసగా ఒక్కో శాఖకూ డబ్బు ఆపేస్తుంది. మనుషుల చేతిలో తాళంచెవి ఉంటే మోసం జరుగుతుందని, రెండు పార్టీలూ కలిసి చప్పట్లు కొట్టి మరీ ఆ చట్టం చేశాయి. ఆ రోజు తలుపు దగ్గర నిలబడింది నేనే. చప్పట్లు బాగానే మోగాయి.

మధ్యాహ్నం మా చిన్నాలమ్మప్ప ఫోన్ చేసింది. అప్పంటే మా వైపు అక్క. మా అమ్మ పోయాక నన్ను పెంచింది అప్పే. దిబ్బలపేటలో ఉంటుంది. దిగువపేటలన్నిటిలోకీ దిగువ అది. చుట్టూ ఉప్పునీటి కయ్య, మధ్యలో ఇసకదిబ్బ.

"ఒలే నూకీ, పూడిక తీసే మర ఆగిపోనాదే. కాలవ మొగ మూసుకుపోతన్నాది. ఎప్పుడు తెరుస్తారేటి మీ సభ?"

"సభ తెరిచే ఉందప్పా. మనుషులే లేరు."

"మనుసులు లేనిది సభేటే?" అంది.

నమోదు 2. గురువారం

నాడి లెక్క ఎనభై. వాయిదా.

ఇవాళ్టి నుంచి లాంచీలు ఆగిపోయాయి. తక్కెడ వరసలో రేపు ఉప్పునీటి శుద్ధికేంద్రాలు ఉన్నాయి. వరస సభ గోడమీద అందరికీ కనబడేలా వెలుగుతూనే ఉంటుంది. ఎనభై మందీ దాని కిందనుంచే లోపలికొచ్చి, కూర్చుని, లెక్క వినిపించగానే లేచి, దాని కిందనుంచే క్యాంటీన్‌కి వెళ్ళారు.

నేను అధ్యక్షుల వారి గదికి వెళ్ళాను. రాని సభ్యులను మార్షల్ స్వయంగా వెళ్ళి తీసుకురావచ్చని నిబంధన ఉంది. నా పదకొండేళ్ళ ఉద్యోగంలో దాన్ని ఎవరూ వాడలేదు.

"ఆదేశం ఇవ్వండి అధ్యక్షా. నా పడవలో వెళ్ళి పిలుస్తాను."

ఆయన గొడుగు పార్టీ విప్ శశిభూషణ్ వైపు చూశారు. విప్ అంటే పార్టీ మందను తోలుకొచ్చేవాడు. ఆ గదిలో ఎప్పుడూ ఉంటాడు. అతను తలూపాడు. అధ్యక్షులు సంతకం పెట్టారు.

బయటికి వస్తుంటే శశిభూషణ్ వెనకే వచ్చాడు.

"మంచి ఆలోచన చేశారు మార్షల్ గారూ. మన వైపు నుంచి ప్రయత్నం జరిగిందని జనానికి తెలియాలి. కాకపోతే తొందరేమీ లేదు. సముద్రం కూడా బాలేదంటున్నారు."

"సముద్రం బాగానే ఉందండి. నేను సముద్రం ఒడ్డున పుట్టినదాన్ని."

"సరే మీ ఇష్టం," అని నవ్వాడు. ఆ నవ్వు నాకు అర్థం కాలేదు.

నమోదు 3. శనివారం

హద్దు దగ్గర తేలే బోయా నా పడవను గుర్తుపట్టి పలికింది. "రాష్ట్ర అధికార పరిధి ఇక్కడితో ముగిసింది. శుభ ప్రయాణం." దాన్ని దాటి ఒక రాయి విసిరితే పడేంత దూరంలోనే ఆ నౌక లంగరేసి ఉంది. అంత దగ్గరగా ఉంటే పేటలనుంచి కూడా దీపాలు కనబడతాయి. కనబడాలనే అక్కడ పెట్టారు.

పై అంతస్తులో ఈతకొలను ఉంది. వంగి చేత్తో తీసి నాలిక మీద వేసుకున్నాను. మంచినీళ్ళు. నలుగురు శాసనసభ్యులు అందులో నడుములోతు నిలబడి పేకాడుతున్నారు. పళ్ళెం తేలుతోంది, పళ్ళెంలో ముక్కలు.

తెడ్డు పార్టీ నాయకుడు లోకనాథం భుజాన తువ్వాలు వేసుకుని ఎదురొచ్చాడు. "రండి మార్షల్ గారూ. టిఫిన్ చేశారా?"

నేను ఆదేశం చదివాను. ఆయన చివరిదాకా విన్నాడు.

"ఇక్కడ ఆ కాగితం చెల్లదండి. మీరు మాకు అతిథి, అంతే. పైగా ఒక మాట అడుగుతాను, చెప్పండి. మీది దిబ్బలపేట కదా? మాలో ఒక్కరు వచ్చి కూర్చున్నారనుకోండి, ఏమవుతుంది? గొడుగువాళ్ళు ఎనభై మంది చేతులెత్తి మీ నీళ్ళు సగం కోసేస్తారు. అది జరగకుండా ఆపుతున్నది ఎవరు? మేం రాకపోవడమే మా పోరాటం."

"సగం కోత ఆపడానికి మీరిక్కడున్నారు. నిన్నటినుంచి మొత్తం ఆగిపోయాయండి."

"ఆపింది తక్కెడ. తక్కెడని ఆ స్థితికి తెచ్చింది వాళ్ళు."

ఆయన మాటలో అబద్ధం లేదు. అక్కడే నాకు మంట. వాళ్ళ మాటలోనూ అబద్ధం లేదు. లోటు లోటే. ఇద్దరి దగ్గరా నిజం ఉంది. పేటలో చుక్క నీళ్ళు లేవు.

మా సభ్యుడు తవిటిరాజు ఆ చివర అంచు కమ్మీలు పట్టుకుని నిలబడ్డాడు. రాజకీయాల్లోకి రాకముందు మా రేవులో పడవ ఇంజన్లు బాగుచేసేవాడు. నేను ఓటేసింది అతనికే.

"నూకరత్నం, అప్ప ఎలాగున్నాది?"

"నీల్లు లేకపోతే ఎలాగుంటాది బాబూ? నువ్వొక్కడివి రా. సాలు."

అతను తల అడ్డంగా ఊపాడు. "నానొక్కడినే ఒచ్చి కూకుంటే ఆల బడ్జెట్ నా సేతిమీదుగా పాసవుద్ది. మా పేట నీల్లు నానే కోసినట్టవుద్ది. అదెలాగ సేస్తానే?"

"ఇక్కడుండి ఏటి సేస్తన్నావు?"

వెనక కొలనులో ఎవరో ఆట గెలిచినట్టున్నారు, నీళ్ళు చరిచి నవ్వారు.

నమోదు 4. మంగళవారం

నాడి లెక్క ఎనభై. వాయిదా. ఇవాళ సభలో కొత్త విషయం ఒకటి జరిగింది. క్యాంటీన్‌లో టీ చల్లగా ఉందని ఒక సభ్యుడు సభాహక్కుల నోటీసిచ్చాడు.

దిబ్బలపేటలో కుళాయి దగ్గర మణికట్టు పెడితే అది ఆడగొంతుతో మర్యాదగా మాట్లాడుతోందట. "మీ వాటా ప్రస్తుతం అందుబాటులో లేదు. అసౌకర్యానికి చింతిస్తున్నాం." పిల్లలు ఆ గొంతును వెక్కిరించడం నేర్చుకున్నారని అప్ప మొన్న చెప్పింది. నిన్న ఆ కుళాయి మూతిని ఎవరో బండతో పగలగొట్టారు. మూతి పగిలినా మాట మాత్రం వస్తూనే ఉందట.

జనం పాతకాలపు గుంటబావులు తవ్వుకుంటున్నారు. రెండు చేతుల లోతులోనే నీళ్ళు పడతాయి. ఉప్పు తక్కువ నీళ్ళు పైన తేలితే గరిటెతో తీసి పిల్లలకు పోస్తారు. అడుగునవి పెద్దవాళ్ళు తాగుతారు. అప్ప అడుగున మిగిలినవి తాగింది. కాళ్ళు వాచి, మూడురోజులుగా లేవడం లేదు. ఆసుపత్రి లాంచీ కూడా ఆగిన లాంచీల్లోనే ఉంది.

ఇవాళ మధ్యాహ్నం అప్ప గొంతు బాగా సన్నగా వచ్చింది.

"నూకీ, పోలమ్మ గుంట పోనాదే."

పోలమ్మ మా పక్కింటి అమ్మాయి. తొలికాన్పు ఆడపిల్ల, మా మాటలో గుంట. తనకు పాలు సరిపోక డబ్బాపాలు కలిపి పడుతోంది. కలపడానికి ఉన్నవి ఆ నీళ్ళే. నాలుగు నెలల బిడ్డ ఎంత ఉప్పు తట్టుకుంటుంది? రెండు రోజులు ఏడ్చి, తరవాత ఏడుపు మానేసిందట. ఏడుపు మానేసిందని పోలమ్మ సంతోషపడిందట.

నేను ఫోన్ పెట్టేసి సభలోకి వెళ్ళాను. ఎవరూ లేరు. గోడమీద వరసలో శుద్ధికేంద్రాల పేరు పక్కన ఎర్రదీపం వెలుగుతోంది. నాకు ఏడుపు రాలేదు. చేతికందిన కుర్చీని ఒక తన్ను తన్నాను. అది ఏ పార్టీ కుర్చీయో చూడలేదు. కాలి వేలు చిట్లింది. ఇది కూడా రాస్తున్నాను, ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించే ప్రయత్నం కింద వేసుకోండి.

నమోదు 5. బుధవారం

ఈసారి ఎవరి సంతకమూ అడగలేదు. పాత కాగితమే జేబులో పెట్టుకుని పడవ తీశాను. బోయా శుభ ప్రయాణం చెప్పింది.

నౌకలో భోజనాలవుతున్నాయి. నేను నేరుగా తవిటిరాజు బల్ల దగ్గరికి వెళ్ళాను.

"ఎలచ్చన్లప్పుడు మా ఈదిలో ఒక గుంటకి పేరెట్టినావు, గుర్తున్నాదా బాబూ? పోలమ్మ కూతురు. ఒల్లో ఎట్టుకుని పొటో తీయించుకున్నావు."

"ఎందుకు గుర్తుండదు? ఇజయ. మన పార్టీ గెలవాలని ఇజయ అని ఎట్టినాను."

"నిన్న సచ్చిపోనాది. ఉప్పునీల్లు తాగి."

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. లోకనాథం పైబల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు.

"చాలా బాధాకరం. సాయంత్రమే ఖండన ఇద్దాం. ఈ మరణానికి ప్రభుత్వమే బాధ్యత వహించాలి. ఆ తల్లి ఫొటో ఏమైనా ఉందా మార్షల్ గారూ?"

నేను ఆయన్ని కొట్టలేదు. ఎందుకు కొట్టలేదో ఇప్పటికీ తెలియడం లేదు.

తవిటిరాజు చెయ్యి కడుక్కున్నాడు. ఆ గిన్నెలో నీళ్ళవైపు కాసేపు చూశాడు. లేచి నిచ్చెనవైపు నడిచాడు.

"తవిటిరాజూ, దిగావంటే పార్టీలోంచి దిగినట్టే," అన్నాడు లోకనాథం. "వాళ్ళకి కావలసింది ఇదే. నువ్వు కూర్చున్న మరుక్షణం నీ జనం నీళ్ళు సగమైపోతాయి. ఆలోచించుకో."

"ఇన్నాళ్ళూ ఆలోసించినానండి," అన్నాడు తవిటిరాజు. "ఆలోసించినన్నాళ్ళూ ఆ గుంట బతికే ఉన్నాది."

ఎవరూ అతని మీద చెయ్యి వెయ్యలేదు. ముప్పై ఎనిమిది మంది అంచు కమ్మీల దగ్గర వరసగా నిలబడి చూశారు. ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు. నిచ్చెన ఎవరికీ దూరం కాదు. ఒక్కరూ దిగలేదు.

పడవలోంచి రాజధాని కొండ కనబడ్డాక అతను అడిగాడు.

"రేపట్నించి సగం నీల్లే. పేటలో నిన్నూ నన్నూ కలిపి తిడతారు. నువ్వు సిద్దమేనా?"

"సిద్దం కాదు బాబూ. కానీ ఇంకో గుంట..." అని ఆగిపోయాను.

నమోదు 6. గురువారం

ఈ నమోదు వివరంగా రాస్తున్నాను. రేపు విచారణలో ఎవరైనా అడిగితే నా మాట ఇదే.

సభ మొదలైంది. ఎనభై మంది కూర్చున్నారు. అలవాటు ప్రకారం సంచులు సర్దుకుంటున్నారు. అప్పుడు నేను ద్వారం తెరిచి, "దిబ్బలపేట సభ్యులు" అని పిలిచాను. తవిటిరాజు లోపలికొచ్చి తన కుర్చీలో కూర్చుని మణికట్టు ఆనించాడు. బోర్డు మీద ఎనభై ఒకటి పడింది. గంట మోగింది.

గంట మోగగానే తలుపులు మూయడం మార్షల్ విధి. మూశాను. సభ తెరవమనేదాకా అవి తెరుచుకోకూడదు.

గొడుగు పార్టీ గెలిచింది కదా, చప్పట్లు కొడతారనుకున్నాను. శశిభూషణ్ మొహం పాలిపోయింది. అతను చేతితో చిన్న సైగ చేశాడు. ముందు వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. ఎనభై. పక్కాయన లేచాడు. డెబ్భై తొమ్మిది. తరవాత వరసలకు వరసలు లేచి నిలబడ్డాయి. ముఖ్యమంత్రి గారు కూడా పంచె సర్దుకుని లేచారు. నిలబడితే కుర్చీకి నాడి అందదు. చివరికి బోర్డు మీద ఒకటి మిగిలింది. ఎనభై మంది నిలబడి ఉన్నారు, తవిటిరాజు ఒక్కడే కూర్చుని ఉన్నాడు.

"మార్షల్, తలుపులు తెరవండి," అన్నారు అధ్యక్షులు.

"కోరం లేదండి అధ్యక్షా. కోరం లేనప్పుడు సభ లేదు. సభ లేనప్పుడు మీరు ఆదేశించలేరు. వాళ్ళని కూర్చోమనండి, ఓటెయ్యమనండి, వెంటనే తెరుస్తాను."

ఆయన పుస్తకం తిరగేశారు. మళ్ళీ తిరగేశారు. నిబంధన అంతే.

శశిభూషణ్ నా దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. "నూకరత్నం గారూ, మీకు అర్థం కావడం లేదు. ఉప ఎన్నిక దిగువపేటల్లో. ఇవాళ ఓటేస్తే నీళ్ళు కోసినవాళ్ళం మేమవుతాం. ఆగితే నీళ్ళు ఆపినవాళ్ళు తెడ్డువాళ్ళవుతారు. ఆ సీటు గెలిస్తే మాకే ఎనభై ఒకటి. అప్పుడు ఎవర్నీ బతిమాలక్కర్లేదు."

"అంటే ఇన్నాళ్ళూ మీరు రోజూ వచ్చి కూర్చున్నది..."

"రాకపోతే బాగుండదు కదా."

నాకు పోయిన గురువారం నాటి అతని నవ్వు ఇప్పుడు అర్థమైంది. నా పడవ, నా కాగితం, అధ్యక్షుల సంతకం, అన్నీ ఆ నవ్వులోనే ఉన్నాయి. నేను వెళ్ళాలి, ఖాళీ చేతులతో రావాలి. తవిటిరాజు వస్తాడని వాళ్ళెవరూ అనుకోలేదు.

"తెరువు," అన్నాడతను. మర్యాద పోయింది.

"తెరవను," అన్నాను. "నీకు కావలిస్తే నిలబడు. మా పేటలో వారంరోజులుగా కుళాయి ముందు నిలబడుతున్నారు. మీ కాళ్ళు ఎంతసేపు నిలబడతాయో నేనూ చూస్తాను."

నిలబడ్డారు. మధ్యాహ్నం దాకా మాటలతో నిలబడ్డారు. నన్ను తిట్టారు, తవిటిరాజును తిట్టారు. తవిటిరాజు మణికట్టు తియ్యలేదు. తరవాత మాటలు తగ్గాయి. బల్లల మీదికి వంగారు, గోడలకు ఆనుకున్నారు, కార్పెట్ మీద కూలబడ్డారు. కుర్చీలు మాత్రం వదిలేశారు. సాయంత్రానికి కొందరు పొట్ట పట్టుకుని తలుపు వైపు చూడ్డం మొదలుపెట్టారు.

మొదట కూర్చున్నది కొండప్రాంతం నుంచి వచ్చే ఒక ముసలాయన. "నాను గెలిసింది కూకోడానికేరా," అని శశిభూషణ్‌తో గట్టిగా అని, కుర్చీలో పడ్డాడు. బోర్డు మీద రెండు. తరవాత ఆయన పక్కావిడ. తరవాత అయిదుగురు ఒక్కసారి. పొద్దు వాలేసరికి బోర్డు మళ్ళీ ఎనభై ఒకటి చూపించింది. చివరగా కూర్చున్నది ముఖ్యమంత్రి గారు.

తవిటిరాజు లేవకుండానే ఒక సవరణ ప్రతిపాదించాడు. "కోత ఒక్క దిగువపేటలకే వద్దండి. కొండమీదా కిందా అందరికీ సమానంగా కొయ్యండి. లెక్క అప్పుడూ సరిపోద్ది."

అనుకూలం ఒకటి. వ్యతిరేకం ఎనభై.

తరవాత బడ్జెట్. అనుకూలం ఎనభై. వ్యతిరేకం ఒకటి. టీ చల్లారే లోపల అయిపోయింది. గోడమీద దీపాలన్నీ పచ్చగా మారాయి. నేను తలుపులు తెరిచాను. ఎనభై మందీ నన్ను తోసుకుంటూ మరుగుదొడ్ల వైపు పరుగెత్తారు.

నమోదు 7. శుక్రవారం

నన్ను సస్పెండ్ చేశారు. ఈ నమోదులు రాసుకునే పెట్టెను తిరిగి ఇమ్మన్నారు. ఇంటికెళ్ళి పంపిస్తానన్నాను. పంపను.

లాంచీ నడిచింది. టీవీలో లోకనాథం విహారనౌక మీద నల్లబ్యాడ్జీ పెట్టుకుని, ద్రోహి తవిటిరాజు వల్ల పేదల నీళ్ళు పోయాయని కన్నీళ్ళు తుడుచుకుంటున్నాడు. ఇంకో చానల్లో శశిభూషణ్, తెడ్డువాళ్ళు ఆపిన నీళ్ళను గొడుగు తెచ్చిందంటున్నాడు. విజయ ఫొటో ఇద్దరి వెనకా ఉంది. ఎక్కడ సంపాదించారో.

మూతి పగిలిన కుళాయి మణికట్టు చూసి సగం బిందె ఇచ్చి ఆగింది. అప్ప మంచం మీద దిళ్ళకు ఆనుకుని కూర్చుంది. మొదటి గ్లాసు తనకే పట్టాను. తాగి, కళ్ళు మూసుకుంది.

"తియ్యగున్నాదే." తరవాత, "సగమేటే?" అంది.

"సగమే అప్పా."

"సగం ప్రానంతో బతకమన్నారేటి?"

తవిటిరాజు నాతోనే దిగాడు. రేవులో ఇద్దరు అతని మీద ఉమ్మారు. నన్నూ తిట్టారు. అతను తుడుచుకోలేదు. పోలమ్మ ఇంటి ముందుకెళ్ళి, "అమ్మా పోలమ్మా" అని పిలిచాడు. తలుపు తెరుచుకోలేదు. అతను గడపకు ఎదురుగా ఎండలో కూర్చున్నాడు. సాయంత్రం లోపలినుంచి పోలమ్మ గొంతు వచ్చింది.

"ఎల్లిపో రాజుబాబూ. నిన్ను సూస్తే దానికి పేరుండీదని గురుతొస్తన్నాది."

అతను లేచి ఇంటికెళ్ళాడు. ఇప్పుడు రేవులో పాత ఇంజన్ ఒకటి విప్పుకుంటూ కూర్చున్నాడని చెప్పారు.

నమోదు. ఆదివారం

ఇక అంకె వెయ్యను. ఇది సభ నమోదు కాదు.

పక్కపేటల్లో ఉప ఎన్నిక ప్రచారం మొదలైంది. పొద్దున్న తెడ్డు పార్టీ పడవ మా కాలవలోకి వచ్చింది. జెండాలు, మైకు, ముందు లోకనాథం. దాని వెనకే గొడుగు పార్టీ పడవ. దాని మీద శశిభూషణ్, బ్యాండుమేళం. విజయకు నివాళి అర్పించడానికి మేం ముందొచ్చామంటే మేం ముందొచ్చామని మైకుల్లోనే తగువాడుకుంటూ వచ్చారు.

రేవులో ఎవరో కేక వేశారు. తవిటిరాజును తిట్టినవాళ్ళూ, నన్ను తిట్టినవాళ్ళూ, ఆడవాళ్ళంతా బిందెలు కిందపెట్టి పరుగున వచ్చారు. తెడ్డువాళ్ళు మోకు విసిరారు. పోలమ్మ దాన్ని పట్టుకుంది. గుంజకు కట్టబోతోందనుకున్నాను. తిరిగి నీళ్ళలోకి విసిరేసింది. గొడుగువాళ్ళ మోకునూ అలాగే చేసింది. మళ్ళీ విసిరారు. ఈసారి పది చేతులు దాన్ని తోసేశాయి. ఒక్కరూ నోరెత్తలేదు.

వాళ్ళు వెనక్కి తిరిగి ఉంటే పోయేది. కానీ ఒకరు పోకుండా ఇంకొకరు పోరు. ముందు నువ్వు కదులు అంటే నువ్వు కదులు అని కాలవ మధ్యలో మైకులు పట్టుకుని నిలబడ్డారు. పూడిక మర ఆగి ఎన్నాళ్ళయిందో వాళ్ళకు గుర్తులేదు. ఈలోగా ఆటు మొదలైంది. నీళ్ళు తీశాయి. రెండు పడవలూ పక్కపక్కనే బురదలో కూర్చున్నాయి. శశిభూషణ్ చెయ్యి చాపితే లోకనాథానికి తగులుతుంది. అయినా ఇద్దరూ ఎటువాళ్ళటు తిరిగి ఎవరి కెమెరాతో వాళ్ళు మాట్లాడుతున్నారు.

"ఒకరి మొకం ఒకరు సూసి మాటాడుకోండి," అని అరిచాను. "నూట పంతొమ్మిది మందీ ఒక్కపాలి సభలో కూకుంటామని సెప్పండి. దిగనిస్తాం."

"చట్టవిరుద్ధం," అన్నాడు శశిభూషణ్.

"ముందు వాళ్ళు చెప్పాలి," అన్నాడు లోకనాథం.

ఎండ ముదిరింది. బ్యాండువాళ్ళు మాత్రం బురదలోకి దిగి, మోకాళ్ళ లోతున నడిచి, బూరాలు నెత్తిన పెట్టుకుని ఒడ్డుకొచ్చారు. వాళ్ళకు మా సగం బిందెల్లోంచే మంచినీళ్ళిచ్చాం. నాయకులకు తెల్లబట్టలున్నాయి. పోటు రావడానికి ఇంకా చాలా పొద్దుంది.

"బల్ల వెయ్యండమ్మా," అన్నాడు చివరికి లోకనాథం. పడవ నుంచి గట్టుకు నడవడానికి వేసే పొడుగు బల్ల రేవులోనే ఉంది. శశిభూషణ్ కూడా తలూపాడు. బల్ల దగ్గర మాత్రం ఇద్దరికీ ఒకే మాట.

మా అప్ప నా భుజం పట్టుకుని, వాచిన కాళ్ళతో రేవు అంచుదాకా వచ్చింది. ఇద్దరు ఆడవాళ్ళ చేత బల్ల ఎత్తించి ముందుకు తోయించింది. అది బురదమీద సగం దూరం వెళ్ళాక చెయ్యెత్తి ఆపించింది.

"ఇంకొంచెం, ఇంకొంచెం," అన్నారు పడవల మీద ఇద్దరూ.

"బల్ల సగమే ఒస్తాది బాబూ," అంది అప్ప. "ఈ ఏటికింతే. సర్దుకోండి."

రేవంతా ఒక్కసారి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నేను వంగి ఆ బల్ల కొస పట్టుకుని, ఆ సగం కూడా వెనక్కి లాగేశాను.